ఒడ్డున చెప్పులు

ఆ ఏడు దసరా నుంచి మా హాల్లో మనుషులు కూర్చునే చోటు లేకుండా పోయింది. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల వెనక సందులో, మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు మాది. సోఫా నిండా నారింజ రంగు లైఫ్ జాకెట్లు, టేబుల్ కింద విరిగిన తెడ్లు, బాల్కనీ తీగ మీద తడి టార్పాలిన్లు. ఇల్లంతా చెరువు వాసన. చుట్టాలెవరైనా వచ్చి ముక్కు ఎగబీలిస్తే, "చేపలేం వండలేదండీ, మావారు వ్యాపారం పెట్టారు" అని నేనే ముందు చెప్పేసేదాన్ని.

మావారు కేదార్ పన్నెండేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పాఠాలు చెప్పారు. ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఆయన పాత వీడియోలతోనే క్లాసులు నడుపుకుంటామని ఆయన్ని సాగనంపారు. నెల్లాళ్లు కిటికీ దగ్గర కూర్చున్నారు. ఆ తర్వాత ఒకరోజు తన పాత విద్యార్థి మహేశ్‌ని వెంటబెట్టుకొచ్చి, "సీతా, పన్నెండు కయాక్‌లు కొంటున్నాం" అన్నారు. కయాక్ అంటే ఇద్దరు ముందూ వెనకా కూర్చుని తెడ్డేసుకునే సన్నటి ప్లాస్టిక్ పడవ. ఆదివారం చీకటితో అమీర్‌పేట మెట్రో కింద బస్సు ఎక్కించుకోవడం, వికారాబాద్ దాటాక ఒక పెద్ద చెరువులో రోజంతా తిప్పడం, సాయంత్రానికి మళ్లీ అక్కడే దింపడం, ఇదీ వాళ్ల పథకం. హాస్టల్ గదుల్లో ఉక్కిరిబిక్కిరయ్యే పిల్లలు, పంజాగుట్ట ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు ఎగబడతారన్నారు. నిజంగానే ఎగబడ్డారు.

ఫోన్లు ఎత్తే పని నాది. "ఈత రాదు మేడమ్, పర్లేదా?" అని రోజుకి ఇరవై మంది అడిగేవాళ్లు. "పర్లేదండీ, జాకెట్ ఉంటుంది కదా" అని నిబ్బరంగా చెప్పేదాన్ని. నేను మాత్రం తణుకులో కాలవ పక్కన పుట్టి కూడా మోకాలి లోతు దాటి నీళ్లలో దిగిన పాపాన పోలేదు. నీళ్లంటే నాకు భయం. ఎందుకని అడిగితే చెప్పలేను.

ఆదివారం బస్సు కదిలిందంటే నా గొంతులో ముద్ద దిగేది కాదు. పదకొండింటికొకసారి, రెండింటికొకసారి మహేశ్‌కి ఫోన్ చేసేదాన్ని. సాయంత్రం అయిదున్నరకి వాడే చేసేవాడు. "అందరు ఒడ్డెక్కిన్రు వదినా, ఫికర్ చెయ్యకు" అనేవాడు. ఆ మాట విన్నాకే పొద్దున వండిన అన్నం వేడి చేసుకుని తినేదాన్ని. "చెరువు దగ్గర ఇరవై నాలుగు మంది తింటున్నారు, ఇక్కడ నువ్వు ఉపవాసం" అని కేదార్ ఎగతాళి చేసేవారు.

ఆ చెరువు ఒడ్డున కాపలాకి సాయిలు అనే ఆయన్ని పెట్టుకున్నారు. ఆ ఊళ్లోనే చేపలు పట్టే మనిషి, యాభై దాటాయి. రెండో ఆదివారం కేదార్ నన్ను బలవంతాన తీసుకెళ్తే చూశాను. బస్సు దిగినవాళ్లంతా ఒక టార్పాలిన్ పక్కన చెప్పులూ బూట్లూ విడుస్తున్నారు. సాయిలు వంగి వాటిని జతలు జతలుగా వరస పెడుతున్నాడు. కేదార్ చేతిలో రిజిస్టర్ ఉంది. పేర్లు రాసినంతసేపు బాగానే ఉంది కానీ, వచ్చేటప్పుడు సంతకం పెట్టండయ్యా అంటే ఎవరూ వినడం లేదు. తడి చేతులతో పట్టుకుని సగం పేజీలు అలికేశారు.

"వరస ఎందుకు పెడుతున్నావు సాయిలన్నా?" అని అడిగాను.

"లెక్క కోసం అమ్మా. బుక్కుల పేరు రాసినోడు పోయేటప్పుడు చెప్పి పోతడా? పోడు. గని చెప్పులిడిచి ఇంటికి పోడు గద. పొద్దుమీకి ఒడ్డు మీద ఒక్క జత లేదంటే చెరువుల మనిషి లేడు."

నాకు ఆ మాట ఎంత నచ్చిందో చెప్పలేను. మా ఇంట్లో నేను చేసేదీ అదే. తలుపు తీయగానే స్టాండు వంక చూసి, ఎవరు ఇంట్లో ఉన్నారో ఎవరు బయటికెళ్లారో చెప్పేస్తాను. అక్కడికక్కడే కేదార్ చేతిలోంచి ఆ తడి రిజిస్టర్ లాక్కుని, "ఇది దండగ. సాయిలన్న లెక్కే నయం" అన్నాను. ఆయన ఒక్క నిమిషం ఆలోచించి సరేనన్నారు. అప్పట్నుంచి సాయంత్రం మూడు లెక్కలు చూసుకునేవాళ్లు. కయాక్‌లు, జాకెట్లు, చెప్పులు. రిజిస్టర్ మా ఇంటి అటకెక్కింది.

కార్తీకం వచ్చింది. వనభోజనాల పేరు చెప్పి బుకింగులు రెట్టింపయ్యాయి. మా మామగారు కామరాజు గారు ఏటా వేసుకున్నట్టే అయ్యప్ప మాల వేసుకున్నారు. అత్తయ్యగారు పోయాక ఆరేళ్లుగా ఆయన మా దగ్గరే ఉంటున్నారు. గోదావరి కాలవ మీద లాకుల దగ్గర ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. అరవై ఎనిమిదేళ్లొచ్చినా నడుము వంగలేదు. మాలలో ఉన్న నలభై ఒక్క రోజులూ నల్ల బట్టలు, చన్నీళ్ల స్నానం, కటిక నేల మీద పడక, కాళ్లకి చెప్పుల్లేకుండా అమీర్‌పేట రోడ్ల మీద తిరగడం. మగవాళ్లంతా ఆయనకి స్వాములే, ఆడవాళ్లంతా మాతలే. నన్ను కూడా "మాతా, కాఫీ వద్దు, పాలివ్వు" అనేవారు. నేను నవ్వాపుకుంటూ ఇచ్చేదాన్ని.

కయాక్‌లంటే ఆయనకి చులకన. "అవి పడవలా? పిల్లలకి నీళ్లు పోసే తొట్లు. పడవంటే చెక్క ఉండాలి, గడ ఉండాలి" అనేవారు. అలా అంటూనే ప్రతి ఆదివారం బస్సు ఎన్నింటికి బయల్దేరిందో, గాలి ఎలా ఉందో కొడుకుని అడిగి తెలుసుకునేవారు.

కార్తీకం మూడో వారంలో కేదార్‌కి జ్వరం పట్టుకుంది. నాలుగో రోజుకి ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయని పంజాగుట్ట వెనక సందులో ఉన్న ఒక నర్సింగ్ హోమ్‌లో చేర్చాం. అది శనివారం. మర్నాడు ఇరవై నాలుగు మందితో బస్సు బుక్కయి ఉంది. యశస్విని అనే అమ్మాయి తన కోచింగ్ బ్యాచ్ మొత్తాన్ని కూడగట్టింది, డబ్బులు కూడా కట్టేశారు.

"రద్దు చేసేద్దాం సీతా. మహేశ్ ఒక్కడూ ఏం చూసుకోగలడు" అన్నారు కేదార్ సెలైన్ ఎక్కించుకుంటూ.

"రద్దెందుకు? మామయ్యగారు వెళ్తారు. ఒడ్డున కూర్చుని భోజనం పొట్లాలు పంచితే చాలు" అన్నాను. ఈ మాట అన్నది నేనే. మంచం పక్కన నేల మీద కూర్చున్న మామగారి ముఖం వెలిగిపోయింది.

"నీళ్లలోకి దిగకండి నాన్నా" అన్నారు కేదార్.

"మోకాళ్ల నెప్పులవాణ్ని, నేనెక్కడ దిగుతాను స్వామీ?" అన్నారాయన.

ఆదివారం నాలుగున్నరకే ఆయన స్నానం, పూజ ముగించారు. మధ్యాహ్నం భిక్షకి పులిహోర, పెరుగన్నం డబ్బాల్లో సర్దిచ్చాను. "సాయంత్రం నేను వచ్చేసరికి ఆలస్యమైతే నువ్వు దీపం పెట్టెయ్యి మాతా" అని చెప్పి, చంకలో సంచితో, వట్టి కాళ్లతో మెట్లు దిగి వెళ్లారు. గుమ్మం దగ్గర స్టాండులో ఆయన తోలు చెప్పులు మాల వేసుకున్న రోజు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

నేను పంజాగుట్టలో కేదార్ దగ్గర కూర్చున్నాను. ఆ రోజు రెండు లెక్కల మధ్య నలిగిపోయాను. ప్లేట్‌లెట్లు ఎన్ని పెరిగాయో నర్సుని అడగడం, చెరువు దగ్గర ఎలా ఉందో మహేశ్‌ని అడగడం. రెండింటికి ఫోన్ చేస్తే, "పెద్దసామి చేపలు పట్టే సొసైటోళ్ల దగ్గర కూసున్నడు వదినా, చేపల ముచ్చట పెట్టిండు. మస్తు ఖుష్ ఉన్నడు" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. మాలలో ఉండి చేపల ముచ్చటేమిటి మహానుభావా అనుకున్నాను.

అయిదు ఇరవైకి ఫోన్ మోగింది.

"వదినా, అందరు ఒడ్డెక్కిన్రు."

"లెక్క చూశావా?"

"చూసిన. కయాక్‌లు పన్నెండు, జాకెట్లు ఇరవై నాలుగు. ఒడ్డు మీద ఒక్క చెప్పు లేదు, సాయిలన్న సుత చూసిండు. బస్సు ఎల్లిపోతుంది. నేను సామాన్ ఏసుకొని వ్యాన్‌ల వెనక వస్తున్న. నువ్వు ముందుగాల ఏమన్న తిను."

కేదార్ కళ్లు తెరిచి చూస్తున్నారు. "ఎక్కేశారు" అన్నాను. ఆయన మళ్లీ కళ్లు మూసుకున్నారు. నాకు ఒక్కసారిగా ఆకలేసింది. నర్సు సెలైన్ సీసా మార్చి వెళ్లాక, ఆరు కావస్తుండగా, కింద బండి దగ్గర నాలుగు ఇడ్లీలు తిని వద్దామని లేచాను.

ఆ వార్డులోకి చెప్పులతో రానివ్వరు. బయట గోడవారగా ఇనప అరలుంటాయి. పేషెంట్ల తాలూకు మనుషుల చెప్పులన్నీ అందులోనే. నావి వెతుక్కుంటూ, అలవాటు కొద్దీ, లోపల ఎంతమంది ఉన్నారో లెక్క వేశాను. పదకొండు జతలు. నా జత తీసి కాళ్లకి వేసుకుంటూ, మామయ్యగారు ఇక్కడికి వచ్చినప్పుడు ఈ అరల బాధ లేదు కదా అనుకున్నాను.

ఒక చెప్పు వేసుకున్నాను. రెండోది చేతిలోనే ఉండిపోయింది.

మహేశ్‌కి ఫోన్ చేశాను. ఎత్తలేదు, బండి నడుపుతున్నాడు. యశస్వినికి చేశాను. బస్సులో పాటలు, కేకలు. "ఆంటీ, మస్త్ ఎంజాయ్ చేసినం" అంది.

"మా మామయ్యగారు బస్సులో ఉన్నారా అమ్మా?"

"స్వామి తాతనా? లేడు ఆంటీ. వ్యాన్‌ల వస్తున్నడు అనుకున్నం."

మళ్లీ మహేశ్‌కి చేశాను. ఈసారి ఎత్తాడు. "పెద్దసామి బస్సుల ఉన్నడు గద వదినా" అన్నాడు.

"నువ్వు చూశావా?"

"చూడలే వదినా. చెప్పుల్ లేవు గద అని..." అని ఆగిపోయాడు. వ్యాన్ వెనక్కి తిప్పమన్నాను. అప్పటికే పదిహేను కిలోమీటర్లు వచ్చేశాడట.

సాయిలు ఫోన్ మూడుసార్లు మోగి ఆగిపోయింది. నాలుగోసారి ఎత్తాడు. బండి మీద ఇంటికి పోతున్నట్టున్నాడు, ఇంజిన్ చప్పుడు వినబడుతోంది.

"సాయిలన్నా, మా మామయ్యగారు ఎక్కడున్నారు?"

"పెద్దసామా? బస్సుల పోయిండు గదమ్మా."

"బస్సులో లేరు. వ్యాన్‌లోనూ లేరు."

"చెప్పులైతే లేవమ్మా. నేనే ఒడ్డంత తిరిగి చూసిన. ఒక్క జత లేదు."

"ఆయనకి చెప్పులు ఉండవు సాయిలన్నా. మాలలో ఉన్నారు."

ఇంజిన్ చప్పుడు ఆగిపోయింది. "ఎనకకు పోతున్నమ్మా" అని ఫోన్ పెట్టేశాడు.

నా ముఖం కేదార్ కంటపడకూడదని మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చేశాను. పంజాగుట్ట చౌరస్తాలో ఆదివారం సాయంత్రం రద్దీ. ఫ్లైఓవర్ కింద కార్లు, ఆటోలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి, హారన్లు చెవులు పగలగొడుతున్నాయి. ఆకాశంలో వెలుతురు ఇంకా కాస్త మిగిలి ఉంది. అక్కడ చెరువు మీద కూడా ఇంతే వెలుతురు ఉంటుంది కదా అనుకున్నాను. అది తగ్గిపోతోంది. నేను చూస్తూండగానే వీధి దీపాలు వెలిగాయి.

సాయిలు మళ్లీ చేశాడు. "అమ్మా, సొసైటీ నాటుపడవ లేదు. కట్టిన తాడు ఇడిసి ఉన్నది. గాలి సుత గట్టిగ కొడ్తుంది."

పక్కనున్న కరెంటు స్తంభం పట్టుకున్నాను. కయాక్‌లు సరిపోయాయి, ఎందుకంటే ఆయన కయాక్ ఎక్కలేదు. జాకెట్లు సరిపోయాయి, ఎందుకంటే ఆయన వేసుకోలేదు. చెప్పులు సరిపోయాయి. అన్నీ సరిపోయి మనిషి తక్కువయ్యాడు.

"నేను ఒడ్డు మీదున్న కయాక్ ఏసుకొని లోపలికి పోతున్న. ఫోన్ నీళ్లల్ల పడితే ఖరాబైతది, ఒడ్డు మీద పెడుతున్న. మహేశ్ వస్తుండు గద, ఆయన చేస్తడు" అన్నాడు సాయిలు.

ఆ తర్వాత ఫోన్ లేదు. నాకు తెలిసి నా జీవితంలో అంత పొడుగైన గంట ఇంకోటి లేదు. మొక్కుకుందామంటే ఏం మొక్కుకోవాలో తోచలేదు. కేదార్‌కి ఏమని చెప్పాలి? మీ నాన్నని పంపింది నేను. నీళ్లలోకి వెళ్లకుండా కాపలా పెట్టనిది నేను. ఆ రిజిస్టర్ లాక్కుని అటకెక్కించింది నేను. సిగ్నల్ దగ్గర నల్లబట్టల స్వాములిద్దరు బస్సు దిగి రోడ్డు దాటుతున్నారు. వాళ్ల కాళ్ల వంకే చూస్తూ నిలబడ్డాను. అన్ని చెప్పుల మధ్య ఆ నాలుగు వట్టి పాదాలు నాకు ఎంత స్పష్టంగా కనబడ్డాయో. చెరువు ఒడ్డున లెక్కలు వేసినవాళ్లున్నారు, ఇంట్లో మూడు వారాలుగా ఆయన చెప్పుల మీద దుమ్ము దులుపుతున్న నేనున్నాను, ఎవరికీ ఆ సంగతి తట్టలేదు.

కేదార్ వార్డు బాయ్ ఫోన్‌లోంచి చేశారు. "ఎక్కడున్నావు? ఇడ్లీలకి ఇంతసేపా?" అన్నారు.

"రద్దీగా ఉందండీ" అన్నాను.

ఏడుంపావుకి మహేశ్ పేరు ఫోన్ మీద కనబడింది. ఎత్తడానికి భయమేసింది. ఎత్తాను.

"దొరికిండు వదినా" అన్నాడు. వాడు ఏడుస్తున్నాడు. "మాట్లాడు."

ఫోన్ చేతులు మారిన చప్పుడు, ఎవరో దగ్గిన చప్పుడు వినబడ్డాయి. ఆయన గొంతు బొంగురుపోయి ఉంది.

"సీతా, దీపం పెట్టావా?"

మాల వేసుకున్నాక మొదటిసారి ఆయన నన్ను పేరు పెట్టి పిలిచారు. "లేదు మామయ్యగారూ. ఆస్పత్రి దగ్గరే ఉండిపోయాను" అన్నాను.

"పోన్లే. నేనొచ్చి స్నానం చేసి పెడతాను. వాడికెలా ఉంది?"

"తగ్గింది."

"వాడికిప్పుడేం చెప్పకు" అన్నారు.

ఫుట్‌పాత్ మీద అరటిపళ్ల బండి పక్కన కూర్చుండిపోయి ఏడ్చాను. బండి ఆవిడ ఏమీ అడగకుండా నీళ్ల సీసా చేతికిచ్చింది.

జరిగిందంతా ఆయన మూడు రోజుల తర్వాత చెప్పారు, కేదార్ ఇంటికొచ్చాక. చెక్క పడవ చూసేసరికి ప్రాణం ఆగలేదట. సొసైటీ వాళ్లు భోజనానికి ఇళ్లకి వెళ్తే తాడు విప్పుకుని ఒక్క చుట్టు చుట్టి వద్దామని వెళ్లారట. నాలుగింటికి గాలి లేచింది. గడ బురదలో దిగబడి, చేతిలోంచి జారి అక్కడే నిలబడిపోయింది. ముప్ఫై ఏళ్లు కాలవ మీద ఉద్యోగం చేసినవాడు గడ పోగొట్టుకున్నాడంటే అంతకంటే సిగ్గుచేటు లేదని ఆ ముక్క తల దించుకుని చెప్పారు. పడవ కొట్టుకుపోయి చెరువు అవతల నీళ్లలో మునిగిన తుమ్మమోళ్లకి తగులుకుంది. సాయిలు కయాక్ వచ్చేదాకా అక్కడ ఒక మోడు పట్టుకుని కూర్చున్నారు.

"కేకలు వేయలేదా నాన్నా?" అన్నారు కేదార్.

"వేశాను. గాలి ఎదురు. చెయ్యి ఊపాను. నల్ల బట్టలు, పొద్దు వాలుతోంది, ఎవరికి కనబడతాను?" అని ఆగారు. "నాకు మాత్రం వాళ్లంతా కనబడ్డారు. బస్సులో లైట్లు వేశారు. పిల్లలు ఎక్కుతుంటే నేనూ లెక్కపెట్టాను. ఇరవై నాలుగు. సాయిలు ఒడ్డంతా తిరిగి చూసి తల ఊపాడు. లెక్క సరిపోయిందిరా అని సంతోషమేసింది కూడా. బస్సు కదిలాక తెలిసింది, ఆ లెక్కలో నేను లేనని."

కేదార్ లేచి వెళ్లి తండ్రి కాళ్ల దగ్గర కూర్చున్నారు. ఆ పాదాలు తుమ్మముళ్లు గీసుకుని ఇంకా వాచే ఉన్నాయి.

"రిజిస్టర్ ఆపేయమన్నది నేనండీ" అన్నాను.

"ఆపేసింది నేను" అన్నారు కేదార్. "ఇంక చాలు సీతా. కయాక్‌లు అమ్మేద్దాం."

రెండు ఆదివారాలు బస్సు వెళ్లలేదు. జాకెట్లు సోఫా మీద ఎండిపోయి ఉన్నాయి. ఇల్లు వాసన రావడం మానేసింది, కేదార్ మళ్లీ కిటికీ దగ్గర కూర్చోవడం మొదలుపెట్టారు. ఫోన్లకి నేను ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటున్నాను. మూడో శనివారం పొద్దున లేచేసరికి హాల్లో స్టూలు వేసి ఉంది. మామగారు అటక మీంచి రిజిస్టర్ దింపుకుని, అలికిపోయిన పేజీలు చింపి, స్కేలు పెట్టి గీతలు గీస్తున్నారు.

"రేపటి వాళ్ల పేర్లు చెప్పు మాతా" అన్నారు.

నేను కేదార్ వంక చూశాను. కేదార్ కిటికీ దగ్గర్నుంచి కదల్లేదు. "నీళ్లలోకి మాత్రం వెళ్లనని మాటివ్వండి నాన్నా" అన్నారు.

"వెళ్తాను. జాకెట్ వేసుకుని వెళ్తాను. నువ్వూ రా" అన్నారాయన.

ఇప్పుడు ప్రతి ఆదివారం అయిదుంపావుకి మహేశ్ ఫోన్ చేసి స్పీకర్ పెట్టి టార్పాలిన్ మీద ఉంచుతాడు. నేను అమీర్‌పేటలో వంటింటి గట్టు మీద, పప్పు డబ్బాకి ఆనించి పెట్టుకుంటాను. మామగారు ఒక్కొక్క పేరే పిలుస్తారు, లాకుల దగ్గర పడవలవాళ్లని పిలిచిన గొంతుతో. ఒక్కొక్కరే "ఉన్నాను" అంటారు. కొంతమంది నవ్వుతారు, ఇదేమన్నా బడా అంటారు. ఆయన పట్టించుకోరు, పలికిందాకా మళ్లీ మళ్లీ పిలుస్తారు. తర్వాత కేదార్ పేరు, మహేశ్ పేరు, సాయిలు పేరు.

శబరిమల వెళ్లొచ్చి మాల తీసేశాక ఆయన మళ్లీ తోలు చెప్పులు వేసుకుంటున్నారు. ఒడ్డున సాయిలు పెట్టే వరసలో అవి కూడా ఉంటాయట. అయినా అన్ని పేర్లూ అయ్యాక ఆయన ఇంకా ఒకటి పిలుస్తారు.

"కామరాజు."

రెండు క్షణాలు గాలి చప్పుడు మాత్రం వినబడుతుంది. ఆ రెండు క్షణాలూ గరిటె పట్టుకుని అలాగే నిలబడతాను.

"ఉన్నాను" అంటారు ఆయనే.

అప్పుడు నేను కంచం పెట్టుకుంటాను.